హెచ్‌ఆర్ వాట్సాప్‌లో ఒప్పుకున్న 3 లక్షలు వసూలవుతాయా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. 2022లో ఇక్కడ 14 లక్షల ప్యాకేజీకి ఆఫర్ వచ్చింది. అదే సమయంలో ఇంకో కంపెనీ 16 లక్షలు ఇస్తానంది. ఆ మాట చెబితే మా హెచ్‌ఆర్ మేనేజర్ "ఏడాది పూర్తవగానే 3 లక్షలు రిటెన్షన్ బోనస్ ఇస్తాం, జీతాల బ్యాండ్ సమస్య వల్ల లెటర్‌లో రాయలేం" అని ఫోన్లో చెప్పి, తర్వాత వాట్సాప్‌లో కూడా పెట్టారు. నమ్మి అక్టోబర్ 10న చేరాను. ఇప్పటిదాకా పైసా రాలేదు, అడిగినప్పుడల్లా వచ్చే సైకిల్ అంటారు. నాన్నగారి ఆపరేషన్‌కి అప్పు చేయాల్సి వచ్చింది. ఇప్పుడు కొత్త ఆఫర్ ఉంది, 30 రోజుల్లో చేరమంటున్నారు, ఇక్కడ నోటీసు పీరియడ్ 90 రోజులు. కొత్త కంపెనీ వాళ్ళు పాత జీతం మీదే హైక్ లెక్కేస్తున్నారు. ఆ 3 లక్షలు నాకు రావలసినవే కదా, పేస్లిప్‌లో కలిపి చూపించు అని ఫ్రెండ్ అంటున్నాడు. హెచ్‌ఆర్ మీద చీటింగ్ కేసు పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు ఎవరు ఎలా అవమానించారన్నదే. దాంతో నాకు పని లేదు, రేపు మీ కేసు వినేవాళ్ళకీ ఉండదు. కావలసినవి రెండు తేదీలు, అవే మీరు రాయలేదు, జత చేసిన కాగితాల్లో నేను వెతుక్కోవలసి వచ్చింది. ఆఫర్ లెటర్ మీద మీరు సంతకం చేసింది 2022 సెప్టెంబర్ 16న. హెచ్‌ఆర్ మెసేజ్ వచ్చింది సెప్టెంబర్ 23న. మీకు కేసు ఉందా లేదా అన్నది ఈ వారం రోజుల తేడాలోనే ఉంది.

మీరు పదేపదే ఎత్తుతున్న ఫోన్ కాల్ సెప్టెంబర్ 14 నాటిది, అంటే సంతకానికి ముందుది. దాన్ని మర్చిపోండి. లెటర్‌లో చివరి పేజీలో "మన మధ్య ఒప్పందం మొత్తం ఇదే, ఇంతకు ముందు జరిగిన మాటలు చెల్లవు" అనే క్లాజు ఉంది, మీరు చదవకుండానే సంతకం పెట్టి ఉంటారు. రాతపూర్వక ఒప్పందానికి విరుద్ధంగా అంతకు ముందు నోటిమాటలు చెబుతానంటే సాక్ష్య చట్టం ఒప్పుకోదు. పాత చట్టంలో 92వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 95. కానీ సంతకం అయ్యాక కుదిరిన కొత్త ఒప్పందానికి ఈ అడ్డు లేదు. సెప్టెంబర్ 22న మీరు "రెండో ఆఫర్‌కే వెళ్తున్నాను" అని మెసేజ్ పెట్టారు, 23న వాళ్ళు 3 లక్షలు అన్నారు, 24న మీరు అవతలి కంపెనీకి రానని మెయిల్ చేశారు. వాళ్ళ మాట మీద మీరు ఒకటి వదులుకున్నారు, అంటే ప్రతిఫలం కూడా ఉంది. కాబట్టి మీ కేసంతా ఆ ఒక్క వాట్సాప్ మెసేజ్, దాని ముందు ఒక రోజు, వెనక ఒక రోజు. హెచ్‌ఆర్‌కి ఆ అధికారం లేదని కంపెనీ అంటుంది, అననివ్వండి. జీతం గురించి మీతో మాట్లాడమని ఆవిడను కూర్చోబెట్టింది వాళ్ళే.

అలాంటి మెసేజ్‌ని మీరు ఎలా దాచారు? స్క్రీన్‌షాట్ తీసి, పాత ఫోన్ తమ్ముడికి ఇచ్చేశారు! బుద్ధి ఉన్నవాళ్ళు చేసే పనేనా ఇది? కోడ్ రాస్తే మూడు చోట్ల బ్యాకప్ పెడతారు, 3 లక్షల కాగితానికి ఒక్క స్క్రీన్‌షాటా? ఆ ఫోన్ ఈ రోజే వెనక్కి తెచ్చుకోండి, రీసెట్ చేయనివ్వకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అదే కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి, 2024 జులై 1 నుంచి దాంట్లో రెండు భాగాలున్నాయి, ఒకటి మీరు సంతకం చేసేది, రెండోది నిపుణుడు చేసేది. ఫోనే లేకపోతే దేనికి సర్టిఫికెట్ ఇస్తారు? మీ లెటర్ ప్రకారం కోర్టు బదులు ఈ తగాదా తేల్చే ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) ముందు సాక్ష్య చట్టం అంత కఠినంగా వర్తించదు, నిజమే, కానీ అవతలివాళ్ళు "ఇది ఎడిట్ చేసిన బొమ్మ" అంటే మీ చేతిలో అసలుది ఉండాలి.

ఇక బాకీ కోసం కేసు వేయడానికి కాలపరిమితి. బోనస్ రావలసింది 2023 అక్టోబర్‌లో. మూడేళ్ళు, అంటే 2026 అక్టోబర్ రెండో వారంతో దాదాపు సరి. మీరు ప్రతి అప్రైజల్‌లో అడిగారు, వాళ్ళు చూస్తాం అన్నారు, దానివల్ల గడువు ఒక్క రోజు కూడా పెరగదు. పెరిగేది బాకీ ఉందని రాతపూర్వకంగా, సంతకంతో, గడువు లోపల ఒప్పుకుంటేనే. 2024 ఫిబ్రవరిలో హెచ్‌ఆర్ పంపిన మెయిల్ "మీ రిటెన్షన్ అమౌంట్ విషయం వచ్చే సైకిల్‌లో పరిశీలిస్తాం" అంటోంది. అది బాకీ ఒప్పుకోవడమా, ఆలోచిస్తామనడమా? నేనైతే మీ తరఫున మొదటిదే వాదిస్తాను, కానీ దాని మీద ఆశ పెట్టుకుని అక్టోబర్ దాటించను. పైగా ఆ మెయిల్ ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే ఉంది. మీ జీతం గురించిన ఆ ఒక్క థ్రెడ్‌కి రిప్లై పెడుతూ 3 లక్షలు అడగండి, పర్సనల్ ఐడీని సీసీలో పెట్టండి. అంతే. పోయేముందు మెయిల్‌బాక్స్ మొత్తం జీమెయిల్‌కి తోసేస్తే క్లయింట్ డేటా దొంగిలించారని వాళ్ళే మీ మీద కేసు పెడతారు.

ఇంకో ఉచ్చు ఉంది. మీ లెటర్‌లో ఆర్బిట్రేషన్ క్లాజు ఉంది. "15 రోజుల్లో డబ్బు ఇవ్వండి" అనే మామూలు లాయర్ నోటీసు ఎన్ని పంపినా గడియారం ఆగదు. వివాదాన్ని ఆర్బిట్రేషన్‌కి పంపుతున్నామని స్పష్టంగా రాసిన నోటీసు కంపెనీకి అందిన రోజే ఆగుతుంది, అది ఆ చట్టంలో 21వ సెక్షన్. స్పీడ్ పోస్ట్‌లోనూ మెయిల్‌లోనూ పంపించి, డెలివరీ రుజువు దాచుకోండి. స్క్రీన్‌షాట్ దాచినట్టు కాదు.

చీటింగ్ కేసు వద్దు. చీటింగ్ అనాలంటే మాట ఇచ్చిన రోజే ఎగ్గొట్టే ఉద్దేశం ఉండాలి. తర్వాత ఇవ్వలేదన్నంత మాత్రాన పాత ఐపీసీలోని (మాట ఇచ్చింది 2022లో కాబట్టి) చీటింగ్ సెక్షన్ వర్తించదు, పోలీసులు సివిల్ తగాదా అని పంపించేస్తారు, మీకు అక్టోబర్ దగ్గరపడుతుంది.

పేస్లిప్ దిద్దడం మాత్రం కలలో కూడా వద్దు. అది ఫోర్జరీ, మోసం కోసం చేసినదైతే ఇప్పటి నేర చట్టమైన భారతీయ న్యాయ సంహిత 336 ప్రకారం ఏడేళ్ళదాకా జైలు, దాన్ని అసలుదిగా వాడితే 340 కూడా. ఆదాయపు పన్ను కాగితాలు (ఫారం 16, 26ఏఎస్) పక్కన పెట్టి చూస్తే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్ళకి నిమిషంలో దొరుకుతుంది. అన్నిటికన్నా అధ్వానం ఏమిటంటే, ఆ పేస్లిప్‌లో 3 లక్షలు మీకు ముట్టినట్టు మీరే రాసుకుంటున్నారు! దాని కాపీ ఒకటి పాత కంపెనీ చేతికి వస్తే మీ బాకీని మీ చేత్తోనే కొట్టేసినట్టు. మీ ఫ్రెండ్ నాకెప్పుడైనా కనిపిస్తే బాగుండును.

పని జరిగే దారి ఇంకొకటి ఉంది. ఇప్పుడు మీ జీతం నెలకు లక్షా నలభై వేలు. నోటీసులో 60 రోజులు తగ్గించుకోవాలంటే మీరు కట్టాల్సింది సుమారు 2 లక్షల 80 వేలు, రికవరీ గ్రాస్ (కోతలకు ముందు జీతం) మీద అని మీ లెటర్‌లోనే ఉంది. వాళ్ళు బాకీ 3 లక్షలు. ఆర్బిట్రేటర్ ఫీజు లెక్కేసుకుంటే ఇద్దరికీ ఈ గొడవ గిట్టుబాటు కాదు, ఆ సంగతి వాళ్ళ లీగల్ వాళ్ళకి నాకన్నా బాగా తెలుసు. అందుకే రాజీనామాతో పాటే రాయండి: రిటెన్షన్ బోనస్‌కి బదులుగా 60 రోజుల నోటీసు మాఫీ చేసి, రిలీవింగ్ లెటర్ ఇవ్వండి, రెండు లెక్కలూ చెల్లు. ఒప్పుకుంటే రాతలో తీసుకోండి, ఈసారి వాట్సాప్‌లో కాదు.

ఒప్పుకోకపోతే ఫుల్ అండ్ ఫైనల్ (చివరి లెక్కల) కాగితం జాగ్రత్త. "ఇక ఏ క్లెయిమూ లేదు" అని ముద్రించి ఇస్తారు, సంతకం పెడితేనే రిలీవింగ్ అంటారు. పెట్టాల్సి వస్తే సంతకం పైన "3 లక్షల రిటెన్షన్ బోనస్ క్లెయిమ్ మినహా" అని చేత్తో రాసి ఫొటో తీసుకోండి. చివరి లెక్క తేల్చడానికి 45 రోజులు పడుతుందంటే, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవాళ్ళ వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలని గుర్తు చేయండి. బోనస్ అందులోకి వస్తుందా అన్నది వేరే వాదన, జీతం, మిగిలిన లీవ్ డబ్బు ముందు తెచ్చుకోండి.

కొత్త ఆఫర్ లెటర్ సంతకం పెట్టకముందే నాకు పంపండి. దానికంటే ముందు, తమ్ముడికి ఫోన్ చేయండి.