బిడ్డ పాడ్‌కాస్ట్ చేస్తానంటోంది, ఆపాలా?

ప్రశ్న: దేవరకొండ దగ్గర ఒక మండలంలో చాలా ఏళ్లుగా పత్రికా విలేకరిగా పనిచేస్తున్నాను. మా అమ్మాయి నల్లగొండలో బీకాం కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతోంది. ఈ మధ్య ఫోన్‌లోనే రికార్డు చేసి పాడ్‌కాస్ట్ పెడుతోంది. బత్తాయి రైతులు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయినవాళ్లు, బొంబాయి వలస వెళ్లొచ్చినవాళ్లు, ఇలాంటివాళ్లతో మాట్లాడిస్తుంది. ఒక్కో ఎపిసోడ్ రెండు వందల మంది కూడా వినరు. డిగ్రీ అయ్యాక గ్రూప్స్ కోచింగ్‌కు పోనని, ఇదే చేస్తానని అంటోంది. మా పత్రికలే పేజీలు తగ్గించుకుంటున్నాయి. జీతం లేని పనిలో నేను పడ్డ కష్టం చాలు. ఇప్పుడేమో ఒక రియల్ ఎస్టేట్ వాళ్లు తమ వెంచర్ గురించి ఒక ఎపిసోడ్ చేస్తే 5 వేలు ఇస్తామన్నారట. దాంతో ఇంకా గట్టిగా పట్టుబట్టింది. ఏం చెప్పమంటారు? – ఒక తండ్రి

జవాబు: అన్నా, ముందు ఆ 5 వేల సంగతి మాట్లాడుకుందాం. ఎందుకంటే దానికి ఈ వారంలోనే జవాబు చెప్పాల్సి ఉంటుంది. మిగతాది నిదానంగా ఆలోచించవచ్చు.

ఆ ఎపిసోడ్ చేయొద్దనండి. కారణం కూడా చెప్పండి, ఉత్తగా వద్దంటే వినదు. 500 చదరపు మీటర్లు దాటిన లేఔట్‌ను రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, రిజిస్టర్ చేయకుండా ప్రకటన ఇవ్వడమే చట్టప్రకారం తప్పు. రిజిస్టరైన వెంచరైతే ప్రకటనలో ఆ నంబరు, రెరా వెబ్‌సైట్ పేరు ఉండాలి. పైసలు తీసుకుని నోటితో చెప్పినా అది ప్రకటనే. చౌటుప్పల్ నుంచి మన దాకా ట్రిపుల్ ఆర్ (రీజినల్ రింగ్ రోడ్డు) పేరు చెప్పి ప్లాట్లు అమ్మేవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకంటే మీకే బాగా తెలుసు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదోవ పట్టించే ప్రకటనకు ప్రచారం చేసిపెట్టినవాళ్లకు కూడా 10 లక్షల వరకు జరిమానా వేయొచ్చు. మళ్లీ చేస్తే 50 లక్షల వరకు. ముందే అన్నీ విచారించుకున్నాకే చెప్పానని చూపించగలిగితేనే మినహాయింపు. ఆమె విచారించిందా? 5 వేల కోసం అంత బరువు నెత్తినెత్తుకోవాల్సిన పని లేదు.

చట్టం సంగతి పక్కన పెట్టినా నేను వద్దనే అంటాను. ఆ పాడ్‌కాస్ట్ వినేది ఎవరు? బత్తాయి అమ్మిన పైసలు ఎక్కడ పెట్టాలా అని చూసే మన ఇళ్లవాళ్లే. తమ కష్టం అడిగి తెలుసుకున్న పిల్ల అని వాళ్లకు ఆమె మీద గురి కుదిరింది. ఆ గురిని కొనడానికే ఆ వెంచర్ వాళ్లు వచ్చారు. రెండు వందల మంది చెవులు వాళ్లకు లెక్క కాదు, ఆ రెండు వందల మంది నమ్మకం లెక్క.

ఇక అసలు ప్రశ్న. ఒట్టి పాడ్‌కాస్ట్ మీద తెలుగులో ఇల్లు గడుపుకునేవాళ్లు చాలా తక్కువ. ఆ మాట ఆమెకు దాచకుండా చెప్పాలి. ప్రకటనల లెక్క ఎలా ఉంటుందో ఇద్దరూ కూర్చుని కాగితం మీద వేయండి. వెయ్యి సార్లు విన్నందుకు 200 రూపాయలు ఇచ్చే కంపెనీ దొరికిందనుకుందాం. నెలకు నాలుగు ఎపిసోడ్లు, ఒక్కోటి రెండు వందల మంది వింటే మొత్తం 800. చేతికొచ్చేది 160 రూపాయలు. అదే యూట్యూబ్‌లో పెడితే, ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4 వేల గంటల వీక్షణ ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. ఈ లెక్క ఆమె చేత్తోనే వేయించండి. మీరు వేసిస్తే నాన్న భయపెడుతున్నాడనుకుంటుంది.

అయితే మీరు ఇంకో లెక్క కూడా వేయాలి. ఒక ఎపిసోడ్ బయటికి రావాలంటే ఆ పిల్ల ఎన్ని పనులు చేస్తోందో చూడండి. ఎవరితో మాట్లాడాలో వెతుకుతుంది, ఒప్పిస్తుంది, ప్రశ్నలు రాసుకుంటుంది, రికార్డు చేస్తుంది, కోస్తుంది, శీర్షిక పెడుతుంది, వాట్సాప్‌లో జనానికి చేరుస్తుంది. ఇందులో సగం పత్రిక పని, సగం మార్కెటింగ్ పని. ఈ రెండూ తెలిసినవాళ్లకు పత్రికల డిజిటల్ డెస్కుల్లో, టీవీ చానళ్ల యూట్యూబ్ విభాగాల్లో, హైదరాబాద్‌లోని యాడ్ ఏజెన్సీల్లో, ఆసుపత్రులు, విద్యాసంస్థల ప్రచార విభాగాల్లో పని దొరుకుతుంది. మొదట్లో జీతం పెద్దగా ఉండదు, కానీ నెల తిరిగితే వస్తుంది. బీకాం కూడా వృథా పోదు. యాడ్ బడ్జెట్, ఇన్‌వాయిస్, జీఎస్టీ అర్థమయ్యేవాళ్లు కంటెంట్ చేసేవాళ్లలో అరుదు. అందుకే పాడ్‌కాస్ట్‌ను ఉద్యోగంగా చూడకుండా, ఉద్యోగం తెచ్చిపెట్టే పనితనానికి సాక్ష్యంగా చూడమంటాను. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు సర్టిఫికెట్ కంటే నాలుగు మంచి ఎపిసోడ్లు ఎక్కువ మాట్లాడతాయి.

పత్రికలే పేజీలు తగ్గించుకుంటుంటే ఇదేం నిలుస్తుందన్నది మీ భయం. పాతదాన్ని చంపి పుట్టిందేం కాదన్నా ఇది. 2005లో ఆపిల్ తన ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్ట్‌లకు చోటిచ్చాక ఇవి మామూలు జనానికి చేరాయి. 2014లో అమెరికాలో ‘సీరియల్’ అనే పాడ్‌కాస్ట్ వచ్చాక ప్రపంచం వీటివైపు తిరిగి చూసింది. దాన్ని చేసింది కొత్త కుర్రాళ్లు కాదు, రేడియోలో ఏళ్ల తరబడి విలేకరులుగా పనిచేసినవాళ్లు. మన దగ్గర ‘ది హిందూ’, ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ లాంటి పత్రికలు సొంత పాడ్‌కాస్ట్‌లు నడుపుతున్నాయి. ఆకాశవాణి కార్యక్రమాలు యాప్‌లో వినొచ్చు. పత్రికకు వార్త సేకరించడం తెలుసు, రేడియోకు గొంతు వాడడం తెలుసు, ఆన్‌లైన్ మార్కెటింగ్‌కు వినేవాడిని వెతికి పట్టుకోవడం తెలుసు. పాడ్‌కాస్ట్‌కు ఈ మూడూ కావాలి. ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లు సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలనే ఉన్నదున్నట్టు వినిపించాలి. పాడ్‌కాస్ట్‌కు ఆ కట్టడి లేదు. అందుకే మండలం ముచ్చట చెప్పడానికి ఇక్కడ చోటుంది. బాధ్యత కూడా అంతే ఉంది. పరువునష్టం చట్టం ఫోన్‌లో చెప్పిన మాటకూ వర్తిస్తుంది, ఆ సంగతి మీరే ఆమెకు కూర్చోబెట్టి చెప్పండి.

నల్లగొండ నుంచి 1922లోనే షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు ‘నీలగిరి’ పత్రిక నడిపారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో ‘గోలకొండ’ పత్రిక పెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగు మాటకు విలువ లేని రోజులవి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. మొదట్లో వాళ్లు తమ ముచ్చట్లను క్యాసెట్లలో రికార్డు చేసి పెట్టుకునేవాళ్లు, లైసెన్సు తర్వాత వచ్చింది. మన ఊళ్ల మాటను మనమే చెప్పుకోవాలన్న పట్టుదల ఈ నేలకు కొత్తది కాదు. మీ అమ్మాయి చేస్తున్నది ఆ వరుసలోని పనే. నాకు దాని మీద నిజంగా గౌరవం ఉంది.

మీరు పంపిన లింకుల్లో బత్తాయి రైతు ఎపిసోడ్ విన్నాను. 40 నిమిషాలుంది. మొదటి నాలుగు నిమిషాలు పరిచయాలు, నమస్కారాలు, పాడ్‌కాస్ట్ ఎందుకు మొదలుపెట్టిందో చెప్పడం. మార్కెట్లో సూటు (తరుగు) పేరుతో తూకంలో ఎలా కోస్తారో ఆ పెద్దాయన చెప్పిన ముక్క 26వ నిమిషంలో వచ్చింది. ఆ గొంతులో కోపం, వణుకు రెండూ ఉన్నాయి. అక్కడిదాకా ఎంతమంది ఉండి ఉంటారు? ఆ ముక్కనే ముందు అర నిమిషం వినిపించి, తర్వాత ఆయన పేరు, ఊరు చెప్పి, మొత్తం 18 నిమిషాలకు కుదిస్తే వినేవాళ్లు వదలరు. పేజీలో లీడ్, అంటే వార్తలోని అసలు ముక్క, ఎక్కడ పెట్టాలో మీకు తెలిసిందే కదా, ఇదీ అదే పని. ఇంకొకటి, వెనకాల ఫ్యాన్ రొద, గది మార్మోగడం చాలా ఉంది. మైకు కొనే ముందు ఫ్యాన్ ఆపి, బట్టల బీరువా తెరిచి పెట్టి, బొంతలు పరిచిన గదిలో కూర్చోమనండి. ఫోన్ నోటికి జానెడు దూరంలో ఉంటే చాలు. ఆ తర్వాత కాలరుకు పెట్టుకునే చిన్న మైకు కొనుక్కోవచ్చు. ఎడిటింగ్‌కు ఆడాసిటీ ఉచితం. సినిమా పాట ముక్కలు మాత్రం వాడొద్దు, కాపీరైట్ దెబ్బకు ఎపిసోడ్లే ఎగిరిపోతాయి. ఫ్లోరైడ్ బాధితులతో మాట్లాడేటప్పుడు, ఇది అందరూ వింటారు, మీకు ఇష్టమేనా అని అడిగి, ఆ జవాబును కూడా రికార్డు చేయమనండి.

మార్కెటింగ్ వైపు ఆమె నేర్చుకోవాల్సింది కొలవడం. ఎన్ని డౌన్‌లోడ్లు అన్నది పెద్దగా చెప్పదు, దించుకున్నవాళ్లంతా విన్నట్టు కాదు. ఎన్నో నిమిషంలో వదిలేశారో స్పాటిఫై, యూట్యూబ్ చూపిస్తాయి, రోజూ చూడాల్సింది అది. ఆడియోలో ప్రకటన పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి కంపెనీలు ఒక కోడ్ ఇస్తాయి, ఆ కోడ్‌తో ఎంతమంది కొన్నారో లెక్కపెడతాయి. ఇది చిన్న ఊళ్లో ఇంకా బాగా పనిచేస్తుంది. నల్లగొండ ప్రకాశం బజార్‌లో ఒక పుస్తకాల షాపు, ‘పాడ్‌కాస్ట్ విని వచ్చాం’ అన్నవాళ్లకు పది శాతం తగ్గిస్తామని ఒప్పుకుంటే, నెలాఖరుకు ఎందరొచ్చారో షాపాయనే చెప్తాడు. అలాంటి ప్రకటన చేయొచ్చు. ఇది ప్రకటన అని ఆడియో మొదట్లో, చివర్లో, మధ్యలో విరామం ఇస్తే దానికి ముందూ వెనకా స్పష్టంగా చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో నియమం పెట్టింది. చెప్పినందువల్ల వినేవాళ్లు పోరు, దాచి దొరికిపోతే పోతారు.

ఒక జాగ్రత్త కూడా. గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్‌ను 2024లో మూసేశారు. ఒకే యాప్‌ను నమ్ముకుంటే అది పోయినరోజు శ్రోతలూ చెదిరిపోతారు. ఒరిజినల్ రికార్డింగులు హార్డ్‌డిస్క్‌లో దాచాలి, ఎపిసోడ్లను అన్ని యాప్‌లకూ చేరవేసే ఆర్ఎస్ఎస్ ఫీడ్ తన ఖాతాలో ఉండాలి, వినేవాళ్లతో ఒక వాట్సాప్ చానెల్ నడపాలి.

ఇప్పుడు మీతో ఒక మాట, నొచ్చుకోకండి. పండగ ప్రత్యేక సంచిక వచ్చిందంటే విలేకరికి యాడ్ టార్గెట్ ఇచ్చే పద్ధతి మన దగ్గర ఉంది. నిన్న ఎవరి మీద వార్త రాశామో ఈరోజు వాళ్ల దగ్గరికే యాడ్ కోసం వెళ్లాల్సి రావడం ఎంత టెన్షనో మీరు అనుభవించి ఉంటారు. ఆ బాధ ఆమెకు రాకూడదనే మీరు వద్దంటున్నారని నాకు అర్థమైంది. కానీ ఆ అనుభవమే ఆమెకు కావాలి. ఎవరితో ఇంటర్వ్యూ చేసిందో వాళ్ల దగ్గర ప్రకటన తీసుకోకూడదు, ప్రకటన ఇచ్చినవాళ్ల గురించి ఎపిసోడ్ చేయకూడదు అనే నియమం ఇప్పుడే పెట్టుకోవడానికి ఆమెకు వీలుంది, ఆమె మీద ఏ టార్గెట్టూ లేదు. ఏ కోచింగ్ సెంటరూ నేర్పని ఈ పాఠం మీరు చెప్పగలరు. తహసీల్దార్ ఆఫీసులో ఎవరిని అడగాలో, ఒక మాటను ఇద్దరి దగ్గర ఎలా సరిచూసుకోవాలో కూడా.

గ్రూప్స్ సంగతికొస్తే, ఇష్టం లేకుండా కోచింగ్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్ గదిలో కూర్చోబెడితే రెండు మూడేళ్లు పోతాయి, ఫలితం వస్తుందన్న నమ్మకమూ లేదు. నా సలహా మధ్యస్థంగా ఉంటుంది. డిగ్రీ మంచి మార్కులతో పూర్తి చేయాలి, ఇందులో బేరం లేదు. అప్పటిదాకా పదిహేను రోజులకొక ఎపిసోడ్ చాలు, పరీక్షల నెలలో అదీ వద్దు. సెలవుల్లో ఒక పత్రిక డిజిటల్ డెస్కులోనో చిన్న ఏజెన్సీలోనో ఇంటర్న్‌షిప్ చేయాలి, ఈ విషయంలో మీ పరిచయాలు వాడడానికి మొహమాటపడకండి. ఆ తర్వాత పీజీ. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచి ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ విభాగంతో పాటు బోల్ హైదరాబాద్ 90.4 అనే క్యాంపస్ రేడియో కూడా ఉంది, ఆమెకు అది చాలా నప్పుతుంది. గొంతు బాగుంది కాబట్టి ఆకాశవాణి క్యాజువల్ అనౌన్సర్ల ఆడిషన్ ప్రకటన పడితే అదీ వదలొద్దు.

ఉస్మానియాకు సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి, నోటిఫికేషన్ ఎండాకాలంలో వస్తుంది. సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష, దాని దరఖాస్తులు డిసెంబర్, జనవరి ప్రాంతంలోనే మొదలవుతాయి. ఫైనలియర్‌లో ఉండగానే అప్లై చేయొచ్చు. అందుకే వచ్చే దసరా దాటగానే మీ సేవలో కులం, ఆదాయం సర్టిఫికెట్లు తీసి పెట్టుకోండి. చివరి రోజుల్లో సర్వర్ పనిచేయక మన జిల్లా పిల్లలు ఏటా ఇబ్బంది పడుతున్నారు.