చూసిందా, విన్నదా? – ఊరి చరిత్రపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లోంచి నాలుగు తీసుకున్నాను. కొత్తగా చదివేవారికి ఒక్క ముక్క: నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. ముప్పై రెండేళ్లు తహసీలు ఆఫీసు రికార్డు రూములో దస్త్రాల దుమ్ము పీల్చినవాణ్ణి. రిటైరయ్యాక దిల్‌సుఖ్‌నగర్ అవతల మా కాలనీలో ఏడుగురం కలిసి, ప్రతి నెలా మొదటి ఆదివారం పార్కు గదిలో కూర్చుని చుట్టుపక్కల సంగతులు రాసిపెడుతున్నాం.

ప్రశ్న: మాది నాగోలు దగ్గర ముప్పై ఏళ్ల కాలనీ. అంతకుముందు అంతా పొలాలేనట. కోటలు లేవు, గుడి కూడా మేం వచ్చాక కట్టిందే. మీలాగే మేమూ ఒక చరిత్ర బృందం పెట్టుకుందామంటే మా సెక్రటరీగారు "ప్లాట్లకు రిజిస్ట్రేషన్ ఉంటుంది గానీ చరిత్రేంటమ్మా" అని నవ్వారు. ఆయనకేం చెప్పమంటారు?
– ఒక గృహిణి, నాగోలు

జవాబు: ఆ రిజిస్ట్రేషన్ కాగితమే పట్టుకురమ్మనండమ్మా. అందులో సర్వే నంబరుంటుంది. ఆ నంబరుతో పాత పహాణీ, అంటే ఏ భూమిని ఎవరు సాగుచేశారో ఏటా రాసే రికార్డు, తీయించండి. 1954-55 ఖాస్రా పహాణీ దొరికితే మీ పంట పండినట్టే. పట్టాదారెవరు, కాస్తులో ఎవరున్నారు, ఏ పంట వేశారు, నీళ్లు బావివా చెరువువా, అన్నీ గళ్లలో ఉంటాయి. నేను కారు కడుక్కునే చోట ఒకప్పుడు జొన్న పండేదని నాకు అలాగే తెలిసింది.

ప్లాట్ల కింద ఇంకేమీ ఉండదని కూడా అనుకోవద్దు. మీకు దగ్గర్లోనే చైతన్యపురి ఉంది. అక్కడి ఫణిగిరి కాలనీలో, మూసీ ఒడ్డున గుట్ట మీద కోసగుండ్ల నరసింహస్వామి గుడి. అక్కడి గుండు మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఒక శాసనం ఉంది. విష్ణుకుండిన రాజుల కాలపు మాట, సుమారు అయిదో శతాబ్దం. గోవిందరాజ విహారమని ఒక బౌద్ధ విహారం పేరు అందులో వస్తుంది. మనవాళ్లు హైదరాబాదు వయసును చార్మినార్‌తో, అంటే 1591తో లెక్కపెడతారు. ఈ అక్షరాలు దానికి వెయ్యేళ్ల ముందువి. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ దారిన ఏళ్ల తరబడి ఆఫీసుకు తిరిగాను, గుడిలో కొబ్బరికాయ కూడా కొట్టాను. రాతి మీద రాత ఉందని మాత్రం రిటైరయ్యేదాకా తెలియదు.

తెలిశాక పరుగెత్తుకుని మిట్టమధ్యాహ్నం వెళ్లాం. ఏమీ కనిపించలేదు, రాయి రాయిలాగే ఉంది. తర్వాతి వారం పొద్దున్నే వెళ్తే ఏటవాలు ఎండలో గీతలు ఒక్కొక్కటే నీడ పట్టుకుని పైకి లేచాయి. అదే కిటుకు. ఎండ లేకపోతే చీకటిపడ్డాక టార్చిలైటును రాతికి ఆనించినట్టు పక్కనుంచి పట్టి ఫొటో తీయండి. నూనె, పసుపు, పెయింటు జోలికి పోవద్దు. సుద్దముక్కతో అసలే దిద్దొద్దు. మీకు తోచినట్టు దిద్దితే తర్వాత వచ్చినవాడు చదివేది మీ సుద్దనే. తడికాగితం అద్ది నకలు తీసే పని పురావస్తు శాఖవాళ్లకు వదిలేయండి.

ముప్పై ఏళ్లంటే చిన్న ముచ్చటేమీ కాదు. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉండేది గుర్తుందా? మామిడి సీజనులో లారీలు రోడ్డు మీదికి వచ్చి ఆగేవి, రెండు స్టాపుల ముందే వాసన బస్సులోకి వచ్చేది. దాన్ని బాటసింగారం తరలించారు. అక్కడ హమాలీ చేసినవాళ్లు, గడ్డి పరిచి కాయలు పేర్చినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్లను ఎవరడిగారు చెప్పండి?

మొదలుపెట్టడానికి ఒక లాంగ్ రిజిస్టరు చాలు. చెప్పినవారి పేరు, వయసు, తేదీ, సంగతి, వీటికి గళ్లు గీయండి. చివర ఒక సన్నగడి వదిలి పైన "చూసిందా, విన్నదా" అని రాయండి. మా బృందంలో సగం కొట్లాటలు ఆ సన్నగడి తీర్చింది.

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో ఉర్దూ కాగితం ఒకటి దొరికింది. తెలిసినాయన చదివి "ఖుర్దాద్ 1352 ఫస్లీ" అన్నారు. ఇంటర్నెట్‌లో లెక్క చూస్తే ఒక్కోచోట ఒక్కో సంవత్సరం వస్తోంది. దీన్ని లామినేషన్ చేయించి దాచొచ్చా?
– ఒక డిగ్రీ విద్యార్థి, హయత్‌నగర్

జవాబు: ముందు రెండోదానికి చెబుతాను తమ్ముడూ: వద్దు. మా నాన్న చేతిరాత ఉన్న రసీదును భద్రంగా ఉంటుందని నేనే లామినేషన్ చేయించాను. రికార్డు రూములో పనిచేసినవాణ్ణి, నాకే ఆ బుద్ధి పుట్టింది చూడు. వేడికి మడతల దగ్గర కాగితం గోధుమరంగుకు తిరిగింది. ఒక మూల గాలిబుడగ నిలిచింది. సరిగ్గా ఆ బుడగ కిందే ఆయన సంతకం. ఇప్పుడు ఊడదీద్దామంటే ప్లాస్టిక్‌తో పాటు కాగితం వస్తుంది. నువ్వు మాత్రం గుండుసూదులు తీసెయ్, సెల్లోటేపు అంటించకు, రెండువైపులా ఫొటో తీసి, ఉతికిన నూలుగుడ్డలో వెడల్పుగా పరిచి దాచు.

ఇక తేదీ. ఫస్లీ అంటే భూమిశిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం. నిజాం రాజ్యంలో అది అక్టోబరు 6న, ఆజుర్ నెలతో మొదలయ్యేది. ఆజుర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఆర్దిబెహిష్త్, ఆ తర్వాత ఏడోది మీ ఖుర్దాద్. అంటే దాదాపు ఏప్రిల్ నెల. సంవత్సరం మొదట్లో, డిసెంబరు చివరిదాకా, ఫస్లీకి 590 కలపాలి. జనవరి నుంచి 591. మీ కాగితం 1943 ఏప్రిల్ ప్రాంతానిది. లెక్కలు తేడా రావడానికి కారణం, మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో ఫస్లీ జూలై 1న మొదలయ్యేది. పేరొక్కటే, పంచాంగాలు రెండు.

కాగితంలో ఏముందో పూర్తిగా చదివించుకో. అలాంటివి చదివేవాళ్లు రాష్ట్రంలో ఎక్కడున్నారంటే తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్ గుర్తుకొస్తుంది. మొగలుల నాటి ఫార్సీ దస్త్రాలే అక్కడ కుప్పలున్నాయి. హయత్‌నగర్‌లో ఉంటున్నావు గనక ఇంకో మాట. మీ ఊరి పేరు హయత్ బక్షీ బేగంది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. ఆమె మసీదు, పక్కన హాథీబావి ఇంకా ఉన్నాయి. చూడకపోయి ఉంటే ఈ ఆదివారమే వెళ్లు.

ప్రశ్న: మూసారాంబాగ్ పేరు మూసారాం అనే ఆయనదా, మూసా రహీందా? మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో వారం నుంచి రగడ.
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: ఇద్దరూ ఒకరే! రేమండ్ అని ఫ్రెంచివాడు, రెండో నిజాం దగ్గర సేనాని. హిందువులు మూసారాం అన్నారు, ముస్లిములు మూసా రహీం అన్నారు. 1798 మార్చిలో పోయాడు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఉంది. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లీషువాళ్లు ఆయన పెంచిన ఫ్రెంచి పటాలాన్ని నిరాయుధం చేసేశారు. గ్రూపులో అందరూ కలిసి గుట్టెక్కి రండి, రగడ దానంతటదే చల్లారుతుంది.

ప్రశ్న: మా అత్తయ్యగారికి ఎనభై నాలుగేళ్లు. పుట్టిపెరిగింది సరూర్‌నగర్ చెరువు పక్కనే. ఫోను పెట్టి "పాత రోజుల గురించి చెప్పండత్తయ్యా" అంటే "నాకేం తెలుసే, పిల్లల్ని సాకుడే సరిపోయింది" అని లేచిపోతారు. ఎలా అడగాలి?
– ఒక కోడలు, కర్మన్‌ఘాట్

జవాబు: పాత రోజులని అడిగితే నేనైనా లేచిపోతాను. బతుకమ్మను చెరువులో ఏ వైపు వదిలేవారో అడగండి. తాగేనీళ్లు ఎక్కణ్ణుంచి, ఎన్ని బిందెలు, దారిలో ఎవరిల్లు ముందొచ్చేది? చిక్కుడుకాయలు ఒలుస్తూ అడిగితే ఇంకా మంచిది. చేతులు పనిలో ఉంటే నోరు దానంతట అదే కదులుతుంది. ఫోను మాత్రం దొంగచాటుగా పెట్టకండి, ఆమెకు చెప్పే పెట్టండి.

అప్పటికీ కుదరకపోతే తప్పు చూపించి అడగండి. మా పక్క ఊళ్లో ఒక పెద్దాయన మూడుసార్లు వెళ్లినా "ఏం యాదికి లేదు బిడ్డా" అనే పంపేశాడు. నాలుగోసారి పాత పహాణీ జిరాక్స్ తీసుకెళ్లి, బావి ఫలానా ఆయనదని చదివాను. ముసలాయన మంచం మీంచి లేచాడు. "ఎవడు రాసిండు అది? ఆ బాయి వానిది గాదు, వాళ్ల అన్నది. తవ్విననాడు నేను మన్ను మోసిన" అన్నాడు. తర్వాత రెండు గంటలు ఆగలేదు. మోట ఎవరు కొట్టేవారు, ఏ ఎండాకాలం ఎండింది, ఎవరు పూడ్చారు, అన్నీ వచ్చాయి. రిజిస్టరు ఇంట్లో మరిచిపోయి వెళ్లాను. ఆ పహాణీ వెనకవైపే రాసుకొచ్చి, సన్నగడి కూడా చేత్తో గీసి "చూసింది" అని నింపాను.