కొరియాలో కొత్త కాపురం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: డేజొన్‌లో పరిశోధనకు చేరి రెండు వారాలైంది. పరిచయమైన ప్రతివాళ్లూ ఏ సంవత్సరంలో పుట్టావని అడుగుతున్నారు. పేరు పెట్టి పిలిస్తే ఒక సీనియర్ ముఖం ముడుచుకున్నారు. పైగా శుక్రవారం ల్యాబ్ వాళ్లందరి విందట. నేను మందు ముట్టను. ఏం చేయాలి?

జవాబు: ఏడాది అడగడం కూపీ లాగడానికి కాదు. ఎదుటివాళ్లు పెద్దో చిన్నో తేలితే తప్ప కొరియన్‌లో క్రియకు ఏ ముగింపు తగిలించాలో తెలియదు. మనం 'నువ్వు' అనాలా 'మీరు' అనాలా అని తడబడతామే, అదే ఇబ్బంది. కాకపోతే వాళ్లకు అది ప్రతి వాక్యంలోనూ ఎదురవుతుంది. 2023 జూన్ 28 నుంచి చట్టం పుట్టినరోజు లెక్క వయసునే చూస్తోంది. పలకరింపుల్లో మాత్రం ఇప్పటికీ నడిచేది పుట్టిన ఏడాదే. కాబట్టి వయసు కాదు, ఏడాది చెప్పండి.

సీనియర్‌ను 'సన్‌బే' లేదా 'సన్‌బేనిమ్' అనండి, ప్రొఫెసర్‌ను 'క్యోసునిమ్' అనండి. మన 'గారు' లాంటిదే కదా అని పేరు వెనక 'స్షి' తగిలించేవాళ్లున్నారు. అది సాటివాళ్లకు, కిందివాళ్లకు సరిపోతుంది గానీ పైవాళ్లకు పనికిరాదు. ఇంటిపేరు ఒక్కదానికే 'స్షి' తగిలించి పిలవడం మరీ మొరటు.

ఇక విందు. దీన్ని 'హ్వేషిక్' అంటారు. మందు తాగనని గ్లాసు చేతిలో పెట్టాక కాదు, ముందు రోజే నిర్వాహకుడికి చెప్పండి. 'సురుల్ మోన్ మషొయో' (మందు తాగలేను) అంటే చాలు. గ్లాసు మాత్రం బోర్లించకండి. అందులో సైడర్ పోయించుకోండి; కొరియాలో సైడర్ అంటే నిమ్మ రుచి సోడా, ఆల్కహాల్ ఉండదు. పెద్దవాళ్లు పోస్తుంటే గ్లాసు రెండు చేతులతో పట్టుకోండి. మీరు పోసేటప్పుడు సీసా కుడిచేత్తో పట్టి, ఎడమచేతిని కుడి ముంజేతికి ఆనించండి. మన దగ్గర తాంబూలం రెండు చేతులతో ఇస్తామే, అంత సహజంగా రావాలి. గ్లాసులు తాకించేటప్పుడు మీ గ్లాసు అంచు పెద్దవాళ్ల అంచుకన్నా కిందుండాలి. తాగేటప్పుడు మొహం పక్కకు తిప్పుకోవాలి, అది సైడరే అయినా. సగం ఖాళీ అయిన గ్లాసులో మళ్లీ మందు పోయకండి. చనిపోయిన పెద్దలకు అర్పించేటప్పుడే అలా పోస్తారు. అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చకూడదనడానికీ కారణం అదే.

భోజనం అయ్యాక 'ఇచా' (రెండో విడత) అని రెండో చోటికి బయల్దేరతారు. మొదటి చోట పూర్తిగా కూర్చున్నవాళ్లు అక్కడినుంచి సెలవు తీసుకుంటే ఎవరూ తప్పుపట్టరు. మధ్యలో చెప్పకుండా జారుకోవడమే తప్పు.

ప్రశ్న: ఆఫీసులో సహోద్యోగి పెళ్లికి పిలిచారు. కానుక కొనాలా, డబ్బు ఇవ్వాలా? ఎంత?

జవాబు: కానుక వద్దు, డబ్బే. మన చదివింపుల్లాంటిదే ఇది. ఎవరు ఎంత ఇచ్చారో రాసుకుంటారు, మీ ఇంట్లో శుభకార్యమైతే అంతే తిరిగి ఇస్తారు. వెళ్లి భోజనం చేసేట్లయితే 1,00,000 వన్‌లు, అంత దగ్గరితనం లేక వెళ్లలేకపోతే 50,000 పంపడం ఇప్పుడు వాడుక. 30,000, 50,000, 70,000 అని మొదటి అంకె బేసిగా ఉండాలి. 1,00,000 కూడా మంచిదే. 40,000 మాత్రం వద్దు, కొరియన్‌లో నాలుగు అనే మాట చావు అనే మాటలాగే పలుకుతుంది. మనం నూట పదహార్లలో చేర్చే ఆ పదహారు ఇక్కడ చేర్చితే లెక్క రాసేవాళ్లు తికమకపడతారు.

తెల్ల కవరు కన్వీనియన్స్ స్టోర్లో దొరుకుతుంది. వెనకవైపు ఎడమ మూల కింద మీ పేరు, విభాగం నిలువుగా రాయండి. పేరు రాయని కవరు డబ్బు ఎవరిదో తేలదు, అదే ఎక్కువగా జరిగే పొరపాటు. హాలు గుమ్మం దగ్గర వరుడివైపు, వధువువైపు వేరువేరు బల్లలుంటాయి. మిమ్మల్ని పిలిచినవాళ్ల బల్ల దగ్గర సంతకం చేసి కవరు ఇస్తే భోజనం టోకెన్ ఇస్తారు. తెల్ల దుస్తులు వధువుకే వదిలేయండి.

చావు కబురు వస్తే ఆసుపత్రి పక్కనే ఉండే అంత్యక్రియల హాలుకు వెళ్లాలి. నల్ల బట్టలు, చెప్పులు విప్పాలి కాబట్టి మేజోళ్లు తప్పనిసరి. చిత్రపటానికి మోకరిల్లి తల నేలకు వంచి రెండుసార్లు, ఆపైన నడుము వంచి ఒకసారి నమస్కరించి, కుటుంబసభ్యులకు ఎదురుగా ఒకసారి వంగండి. క్రైస్తవ కుటుంబమైతే పువ్వు ఉంచి తల వంచితే చాలు. అక్కడ 'అన్యంగ్ హసేయో' (మామూలు పలకరింపు) అనకండి, గ్లాసులు తాకించకండి.

ప్రశ్న: సువన్‌లో ఏడో అంతస్తు. పొద్దున్నే చట్నీకి మిక్సీ వేస్తే కింది ఇంటివాళ్లు ఫిర్యాదు చేశారు. అంత శబ్దమా అది? చెత్త ఎలా వేయాలో కూడా చెప్పండి.

జవాబు: గాలిలో వచ్చే శబ్దం కన్నా స్లాబులోంచి దిగే అదురే వాళ్లను బాధపెడుతుంది. గోడలే బరువు మోసే అపార్ట్‌మెంట్లలో అది తేలిగ్గా కిందికి పాకుతుంది. మిక్సీ కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి, పిల్లలు పరిగెత్తే చోట నురుగు చాప పరవండి, రోలూ రోకలీ నేలమీద పెట్టకండి. 2023లో సవరించిన నిబంధన ప్రకారం తాకిడి శబ్దానికి హద్దు పగలు 39 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 34. ఫిర్యాదు వస్తే మీరే తలుపు కొట్టి వాదించకండి, మేనేజ్‌మెంట్ ఆఫీసు ద్వారా మాట్లాడండి. ముందే ఓ చిన్న పండ్ల పెట్టె, పిల్లలున్నారని ఓ చీటీ ఇచ్చి ఉంటే సగం గొడవ ఉండేది కాదు. ఇప్పుడైనా ఇవ్వచ్చు.

చెత్త గురించి కూడా అడిగారు. మామూలు చెత్తకు మీ నగరం లేదా 'గు' (వార్డు) పేరు ముద్రించిన సంచే కొనాలి, పక్క ప్రాంతానిది చెల్లదు. తిండి వ్యర్థాలు నీళ్లు పిండి వేరుగా వేయాలి. పశువు తినలేనిది అందులోకి రాదని గుర్తుపెట్టుకోండి. ఎముకలు, గుడ్డు పెంకులు, ఉల్లి పొట్టు, మామిడి టెంక, టీ పిప్పి మామూలు సంచిలోకే వెళ్లాలి.

ప్రశ్న: శాకాహారిని. 'మాంసం వద్దు' అని చెప్పినా కూరలో నీచు వాసన వస్తోంది.

జవాబు: ముక్కలు తీసేస్తారు గానీ పులుసు మారదు. 'యుక్సు' అనే ఆ పులుసు తరచూ ఎండు చేపలతో (మ్యొల్చి) కాస్తారు. కిమ్చీలో చేపల సాస్, ఉప్పు రొయ్యలు ఉంటాయి. బిబింబాప్‌పై వేసే కారం ముద్దలోనూ కొన్నిచోట్ల పశుమాంసం తురుము కలుస్తుంది. 'మ్యొల్చి యుక్సు దురొగన్నాయో?' (చేపల పులుసు వేశారా?) అని అడగండి. బౌద్ధ ఆలయ భోజనం దొరికిన చోట నిశ్చింత. అందులో వెల్లుల్లి, ఉల్లి కూడా ఉండవు.