సైకిలు మీద తిరిగే ఎమ్మెల్యే వల్ల ప్రజలకు ఒరిగేదేమిటి?

ఎమ్మెల్యే బస్సులోనో సైకిలు మీదో తిరిగితే చూడటానికి ముచ్చటగా ఉంటుందే తప్ప దానివల్ల నియోజకవర్గానికి ఏం ఒరుగుతుందని మీరు అడిగారు. మాది పాత ఖమ్మం జిల్లాలోని ఇల్లెందు ప్రాంతం. ఇక్కడి నుంచి 1983, 1985, 1989, 1999, 2004 ఎన్నికల్లో మొత్తం అయిదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య గారి కాలంలోనే నేను పెరిగాను కాబట్టి, నాకు తెలిసినంతలో జవాబు రాస్తున్నాను.

ఆయన ఆదివాసీ, సింగరేణి మండలం టేకులగూడెం వాసి, సీపీఐ (ఎంఎల్) న్యూడెమోక్రసీ నాయకుడు. శాసనసభ్యుడిగా వచ్చే జీతాన్ని పార్టీకి అప్పగించి, పార్టీ ఇచ్చే కొద్దిపాటి డబ్బుతో గడుపుకోవడం, హైదరాబాదుకు ఆర్టీసీ బస్సులో వెళ్లడం, ఊళ్లకు సైకిలు మీద రావడం పత్రికల్లో చాలాసార్లు వచ్చినవే. అంతకు ముందు తరంలో గన్నవరం నుంచి గెలిచిన పుచ్చలపల్లి సుందరయ్య గారి సైకిలు సంగతీ అందరికీ తెలుసు. అయితే మనవాళ్లు ఆ సైకిలుకే దండం పెట్టి, దాని హ్యాండిల్‌కు వేలాడే సంచిలో ఏముందో చూడరు.

ఆ సంచిలో ఉండేవి అర్జీలు. 2001 ప్రాంతంలో, ఇంటర్ పూర్తయి ఖాళీగా ఉన్న నాకు, మా గూడెంలో అర్జీలు రాసిపెట్టే పని పడింది. మా పక్కింటి పెద్దాయన పోడు చేలో, అంటే అడవి నరికి సాగు చేసుకున్న పొలంలో, జొన్న మోకాలెత్తు పెరిగాక అటవీ సిబ్బంది వచ్చి పీకించారు. ఆయన తరఫున నేను రాసిన మొదటి అర్జీ రెండు పేజీల నిండా గోడు తప్ప మరేమీ లేదు. పార్టీ ఆఫీసులో ఒకాయన దాన్ని ఓపికగా చదివి, "ఎన్నెకరాలు, ఎప్పటి నుంచి దున్నుతున్నాడు, ఏ రోజున పీకారు, ఇవేవీ ఇందులో లేవు కదా తమ్ముడూ" అని తిరిగి ఇచ్చాడు. కార్బన్ పేపరు పెట్టి మళ్లీ రాశాను. పై కాగితం సంచిలోకి వెళ్లింది, ఆఫీసులో ముద్ర వేయించిన కింది ప్రతిని పెద్దాయన దాచుకున్నాడు.

కొన్నేళ్లకు నేను వేరే జిల్లాలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరాక, అదే కాగితం అవతలి గట్టున ఏమవుతుందో చూశాను. ఎమ్మెల్యేల లెటర్‌హెడ్ మీద "తగు చర్య నిమిత్తం" అని వచ్చే సిఫారసులకు ఇన్‌వర్డ్ నంబరు వేసి కట్టలో కలిపేసేవాళ్లం. పంపినవారు వాటి గురించి మళ్లీ అడగరని సెక్షన్‌లో అందరికీ తెలుసు. ఎప్పుడైనా ఒక సభ్యుడు స్వయంగా వచ్చి, బల్ల ముందు నిలబడి, ఫలానా తేదీన ఇచ్చిన కాగితం ఏమైందని అడిగితే మాత్రం ఆ పూటే ఫైలు కదిలేది. ఇక ఎల్‌ఏక్యూ, అంటే శాసనసభలో సభ్యుడు వేసిన ప్రశ్న, వచ్చిందంటే మధ్యాహ్నం భోజనం సంగతి మరిచిపోవలసిందే. సాయంత్రంలోగా నివేదిక పంపాలని పైనుంచి ఫోను మీద ఫోను. అర్జీలు పట్టుకుని సచివాలయంలో గది గదికీ తిరిగిన నర్సయ్య గారి తీరుకు అసలు విలువ నాకు తెలిసింది ఆ కుర్చీలో కూర్చున్నాకే.

సైకిలు వల్ల ఒరిగేదీ అప్పుడే అర్థమైంది. కార్ల వరుసలో వచ్చే నాయకుణ్ణి కలవాలంటే పేదవాడికి మధ్యలో ఒక పెద్దమనిషి కావాలి, ఆ పెద్దమనిషికి ఏదో ఒకటి ముట్టచెప్పాలి. బస్టాండులో నిలబడ్డ ఎమ్మెల్యేతో మాట్లాడటానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు.

అలాగని నేను పూజ చేయదలచుకోలేదు. ఆయన 1994లో ఓడారు, 2009లోనూ ఓడారు. మంచివాడని మెచ్చుకున్న నోళ్లే ఓటు మరొకరికి వేయడం మా ఊళ్లోనే చూశాను. అయిదు విడతల తర్వాత కూడా పోడు సమస్య పూర్తిగా తీరలేదు, ఒక్క సభ్యుడు తీర్చగలిగిన సమస్య కూడా కాదది.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు భూమికి పట్టా రావాలంటే 2005 డిసెంబరు 13 నాటికే సాగులో ఉన్నట్టు గిరిజన రైతు చూపించుకోవాలి. గ్రామసభలో రుజువులు అడిగినప్పుడు మా పక్కింటి పెద్దాయన రేకు పెట్టెలోంచి నాలుగు మడతల కార్బన్ ప్రతి తీశాడు. నా కుర్రరాత సగం చెరిగిపోయింది గానీ, ఊదారంగు ముద్రలో తేదీ మాత్రం స్పష్టంగానే ఉంది. అడిగిన నాలుగెకరాల్లో రెండున్నరకు పట్టా వచ్చింది. మిగిలిన ఎకరంన్నర కోసం ఆయన కొడుకు ఇప్పటికీ అర్జీలు పెడుతూనే ఉన్నాడు.