పసుపు రంగు కప్పలకు జబ్బు లేదు

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. రెండెకరాల్లో వరి నాటి 20 రోజులైంది. నాట్లప్పుడు పడ్డ పెద్ద వానకు మడిలో బోదురు కప్పలు పసుపు ముద్దల్లా మారాయి. చలికాలంలో ఇవే నల్లగా ఉండేవి. మొన్న కార్బోఫ్యూరాన్ అనే పురుగుమందు గుళికలు చల్లాను. మర్నాటి నుంచి తోకకప్పలు చచ్చి తేలుతున్నాయి. ఎండకు నీళ్లు వేడెక్కి కప్పలకు వైరస్ వచ్చిందని, పైరుకూ అంటుతుందని షాపులో ఇంకో మందు ఇచ్చారు. కొట్టమంటారా?

జవాబు: కొట్టొద్దు. సీసా తెరవకపోతే వెనక్కిచ్చేయండి. కప్ప రోగం వరికి అంటదు.

పసుపు రంగు మగ కప్పలది. తొలి వానలకు జత కట్టే వేళ అలా మారతాయి, గొంతు కింద నీలం సంచులు ఉబ్బుతాయి. తర్వాత మామూలు రంగుకొస్తాయి. చలికాలపు నలుపూ జబ్బు కాదు. కప్పకు ఒంట్లో సొంత వేడి ఉండదు, చలికి చర్మంలోని నల్లరంగు పరుచుకుని ఎండను పట్టుకుంటుంది. ఎండల్లో అదే కప్ప పాలిపోతుంది.

వేడి నీళ్లలో తోకకప్పలు త్వరగా కప్పలవుతాయి, కాకపోతే చిన్నవిగా బయటకొస్తాయి. ఎండ ఒక్క రోజులో మడంతా చంపదు. గుళికలు వేసిన మర్నాడే తేలాయని మీరే రాశారు కదా! చంపింది ఆ గుళికలే.

అసలు ఎందుకు వేశారు? కాండం తొలుచు పురుగు కోసమైతే ముందు లెక్క చూడాలి. చదరపు మీటరుకు ఒక తల్లి పురుగో (గుడ్లు పెట్టే రెక్కల పురుగు) ఒక గుడ్ల సముదాయమో కనిపిస్తేనో, 5 శాతం మొవ్వులు (పిలక నడిమి లేత ఆకులు) చచ్చిపోతేనో మందు. మగ పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు ఎకరాకు 3 పెట్టండి. వారానికి బుట్టకు 25–30 పురుగులు పడితే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్‌సి అనే ద్రవ మందు ఎకరాకు 60 మి.లీ. 200 లీటర్ల నీటిలో కలిపి కొట్టండి. పురుగు లేకుండా 'ముందుజాగ్రత్త' గుళికలు అమ్మేవాళ్ల మాట వింటే, పురుగుల్ని ఉచితంగా తినిపెట్టే కప్పల్ని డబ్బిచ్చి చంపుకున్నట్టే. కప్ప కాళ్ల ఎగుమతిని 1987లోనే దేశం ఆపేసింది, మనం మడిలో చంపుతున్నాం.

ఇప్పుడు గట్టు తెంపకండి. ఆ నీళ్లు కింది మడికో చెరువుకో పోతే చేపలూ చస్తాయి. వారం పాటు నీళ్లు నిలిపి ఉంచండి. చచ్చిన తోకకప్పల్ని చేతికి తొడుగు వేసుకుని ఏరి, బాతులూ కోళ్లూ తినకుండా లోతుగా పూడ్చేయండి.