280 యూరోల్లో ఇంటికి ఎంత పంపాలి?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర ఊరు. వయసు 24. బీఎస్సీ అయ్యాక తొలి స్థాయి అయిన ఏ1 జర్మన్ నేర్చుకుని, అక్టోబరులో, ఒక ఇంట్లో ఉంటూ వాళ్ల పిల్లల్ని చూసుకునే ఓ పెయిర్‌గా జర్మనీలోని హనోవర్‌కి వచ్చాను. ఇద్దరు పిల్లలున్న ఇల్లు, మంచివాళ్లే. నెలకు 280 యూరోలు ఇస్తారు. ఇక్కడికి రావడానికి 3.5 లక్షలు ఖర్చయింది, ఎక్కువ భాగం ఏజెంటుకే. నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు 150 యూరోలు ఇంటికి పంపుతున్నాను. డబ్బు చాలక డిసెంబరు నుంచి జర్మన్ క్లాసు మానేశాను. తెలిసినావిడ ఒకరు శని, ఆదివారాలు ఇళ్లు శుభ్రం చేసే పని చూపిస్తానంటున్నారు, గంటకు 10 యూరోలు చేతికే. చేయవచ్చా? అప్పు త్వరగా తీరే దారి చెప్పండి.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది అప్పు కాదు, క్లాసు మానేశాననే మాట. విత్తనాల వడ్లు దంచుకుని తిన్నట్టుంది ఆ పని.

ముందు ఆ 280 యూరోల సంగతి. ఓ పెయిర్ అనేది ఫ్రెంచి మాట, సరిసమానంగా అని అర్థం. మీరు పనిమనిషి కాదు, ఇంట్లో ఒకరు. తిండి, గది వాళ్లవి. పిల్లల్ని చూసుకుంటూ భాష, ఆ దేశం తీరు నేర్చుకోవడం మీ వంతు. అందుకే ఆ 280ని అక్కడ జీతం అనరు, పాకెట్ మనీ అంటారు. దాని మీద పన్ను ఉండదు. దాంతో అప్పు తీర్చమని మీ ఏజెంటు చెప్పి ఉంటే, అది ఆయన లెక్క, జర్మనీ లెక్క కాదు.

లెక్క సులువు కోసం యూరోని వంద రూపాయలు అనుకుందాం. 3.5 లక్షల మీద రెండు రూపాయల వడ్డీ నెలకు 7,000. మీరు పంపే 15,000లో దాదాపు సగం వడ్డీకే పోతోంది. మీ చేతిలో మిగిలేది 130. 2026 జనవరి నుంచి 63 యూరోలైన, నెలంతా బస్సులూ లోకల్ రైళ్లూ ఎక్కనిచ్చే డాయిచ్‌లాండ్ టికెట్, ఫోనుకో 15 తీసేస్తే 52. దీంతో నెలంతా ఎలా గడుపుతున్నారో నాకు అర్థమవుతోంది. అమ్మ పంపిన ఆవకాయ డబ్బాకి కొరియర్ 4,800 అయిందని ఉత్తరం చివర రాశారు. ఆ మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. ఇకమీదట ఆవకాయ ఎవరైనా వచ్చేటప్పుడు తెప్పించుకోండి.

ఇక శని, ఆదివారాల పని. వద్దు. ఓ పెయిర్ వీసా మీద మరో ఉద్యోగం చేయకూడదు. పైగా 2026లో అక్కడి కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. పదికి చేయించుకునేవాళ్లు మిమ్మల్నీ మోసం చేస్తున్నారు, ప్రభుత్వాన్నీ మోసం చేస్తున్నారు. పట్టుబడితే వాళ్లు జరిమానా కట్టి ఊరుకుంటారు, పోయేది మీ వీసా. నెలకు ఓ 200 యూరోల కోసం మూడున్నర లక్షలు పెట్టి వెళ్లిన దారిని పణంగా పెట్టకండి.

తగ్గించాల్సింది వడ్డీ. అది హనోవర్‌లో కాదు, జగిత్యాలలో జరగాల్సిన పని. మీ అమ్మగారికి బంగారం ఉందనీ, తాకట్టు పెడితే పదిమందిలో పరువు పోతుందని నాన్న ఒప్పుకోవడం లేదనీ రాశారు. ఇంట్లో బంగారం పెట్టుకుని బయట ఏడాదికి 24 శాతం వడ్డీ కట్టడం నాకెప్పటికీ మింగుడుపడదు. బ్యాంకులో బంగారం మీద అప్పు పది శాతానికి దొరికిందనుకుందాం. అదే 3.5 లక్షలకు నెలకు వడ్డీ మూడు వేలలోపు. విలువలో నాలుగింట మూడొంతులు ఇస్తారనుకున్నా, 4.7 లక్షల విలువైన నగలు చాలు. ఆ డబ్బుతో వడ్డీ వ్యాపారి బాకీ పూర్తిగా తీర్చి, ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోమనండి. చించేయడం నాన్న చేతుల మీదుగా జరగాలి. ఒక్క జాగ్రత్త: ఇలాంటి అప్పులు చాలావరకు ఏడాది గడువువి. గడువుకి వడ్డీ కట్టి తిరగరాయించకపోతే నగలు వేలానికి వెళ్తాయి. ఆ తేదీ మీ ఫోన్లోనూ, తమ్ముడి ఫోన్లోనూ పెట్టుకోండి.

అప్పుడు మీరు పంపాల్సింది 150 కాదు, 30. మిగిలిన 250లో టికెట్టూ ఫోనూ పోను 172. అందులో 60 క్లాసుకీ పరీక్షకీ, 50 పక్కన, 62 మీ ఇష్టం. చలికోటు సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోండి, అక్కడ ఎవరూ వింతగా చూడరు. ప్లాస్టిక్ సీసాలు పారేయకండి, చాలావాటికి ఒక్కోదానికి పావు యూరో వెనక్కి ఇస్తారు.

ఆ ఇంటివాళ్లతో ఒకసారి కూర్చుని ఒప్పందం కాగితం చదవండి. భాషా కోర్సు ఖర్చులో నెలకు 70 యూరోలు వాళ్లు భరించాలి. ఆరోగ్య, ప్రమాద, థర్డ్ పార్టీ బీమాలు కూడా వాళ్ల ఖర్చే. ఏజెంటు మీకు అమ్మిన 28,000 రూపాయల పాలసీ ఎందుకో నాకు అంతుపట్టలేదు. పని రోజుకు ఆరు గంటలు, వారానికి 30 మించకూడదు. మీరు రాసిన రోజువారీ పట్టిక కూడితే 37 వచ్చింది. గట్టిగా అడగలేకపోతే ఆ పట్టికే చూపించండి, మంచివాళ్లు అంటున్నారు కదా. నెలవారీ బస్సు, రైలు టికెట్ కొనిచ్చే కుటుంబాలు చాలానే ఉన్నాయి, అదీ అడిగి చూడండి.

క్లాసు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఓ పెయిర్‌గా ఏడాది మించి ఉండనివ్వరు, పొడిగింపు లేదు. సెప్టెంబరు తర్వాత మీకు దారి చూపేది మీ జర్మన్. ఏ1కి పైనుండే బీ1, కుదిరితే బీ2 చేతిలో ఉంటే, జీతమిస్తూ పని నేర్పే నర్సింగ్ ఆవుస్‌బిల్డుంగ్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మూడేళ్ల శిక్షణ. ప్రభుత్వ వేతన ఒప్పందం వర్తించే ఆసుపత్రుల్లో మొదటి ఏడాదే కోతలకు ముందు నెలకు 1,400 యూరోల పైమాట. అప్పుడు నెలకు 150 అసలుకి కట్టినా రెండేళ్లలోపే మొత్తం తీరిపోతుంది. అక్టోబరు బ్యాచ్ కోసం ఇప్పటి నుంచే దరఖాస్తులు పంపాలి. అక్కడ ఆసుపత్రులు సీటుకి డబ్బు తీసుకోవు. మీ ఏజెంటు 'ప్లేస్‌మెంట్' పేరుతో అడుగుతున్న లక్షన్నర ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

పక్కన పెట్టమన్న ఆ 50 దేనికంటే, సొంత గది తీసుకుంటే డిపాజిట్టుగా మూడు నెలల అద్దె దాకా అడగవచ్చు. చట్టం ప్రకారం దాన్ని మూడు వాయిదాల్లో కట్టుకోవచ్చు కాబట్టి ఎనిమిది నెలల్లో చేరే 400 మొదటి వాయిదాకి ఆసరా. హాస్టల్ ఇచ్చే ఆసుపత్రి దొరికితే ఇంకా మేలు.

మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కడుతున్న మీ 2,000 రూపాయల సిప్ ఆపేయండి. ఖాతాలో డబ్బు లేక వాయిదా తిరిగొస్తే ఫండ్ సంస్థ ఏమీ అనదు కానీ, మీ బ్యాంకు చార్జీ వేస్తుంది. అందుకే సిప్ రద్దు చేస్తున్నట్టు యాప్‌లోనే పెట్టండి. ఉన్న యూనిట్లు కదపకండి. ఆవుస్‌బిల్డుంగ్ ఖాయమైతే జగిత్యాలలోని సేవింగ్స్ ఖాతాను, విదేశాల్లో ఉండే భారతీయులకిచ్చే ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలి, ఆ సంగతి అప్పుడు రాయండి.

ఈ ఆదివారం నాన్నకి ఫోన్ చేసినప్పుడు 2 రూపాయల వడ్డీ మాట ఎత్తకండి, వాదన అవుతుంది. అమ్మని పిలిచి చంద్రహారం ఎన్ని తులాలో అడగండి.