చిత్త కార్తెలో మొదలుపెట్టాల్సిన పని

మహబూబ్‌నగర్,
మాఘ మాసం

అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి, వేరుశనగ ధర గురించి పది నిమిషాలు మాట్లాడి, పెట్టేసే ముందు నీ సంగతి చెప్పింది. ముంబయి వైపు భివండీ గోదాముల నుంచి లోయర్ పరేల్ ఆఫీసుల దాకా ఒక కంపెనీ కోసం 19 కట్టడాల పైకప్పుల బాధ్యత ఒక్కదానివే ఒప్పుకున్నావట. బాగు చేయదగినవి బాగుచేయడం, మిగిలినవాటికి కొత్త కప్పు వేయడం, అంతా మృగశిర లోపు. "నువ్వు కంగారు పడతావని చెప్పొద్దంది అన్నయ్యా" అని కూడా కలిపింది. నీ రహస్యాలు మీ అమ్మకు చెప్పుకుంటే ఇంతే.

ముందు ఎంత సంతోషమేసిందో రాయాలి. 1976లో నేను తలమీద తట్టతో మెట్లెక్కిన ఊరది. అక్కడ నా మేనకోడలు సంతకం పెడితే 19 కప్పులు తెరుచుకుంటాయంటే, అరుగు మీదికెళ్లి ఎదురింటి మాస్టారును లేపి మరీ చెప్పాను. తర్వాత రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. వేళ్ల మీద లెక్కపెట్టాను. మృగశిరకు 110 రోజులు. ఇక నిద్ర పట్టలేదు. ఫోనులో అయితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

నీకు కాలేజీలో చెప్పినవి మళ్లీ చెప్పను. నూటికి ఒకటి వాలు, పిట్టగోడ మొదట్లో గుండ్రటి సిమెంటు పూత (వాటా), గొట్టం నోటి దగ్గర నీళ్లు చేరే లోతైన గుంట (ఖుర్రా), దాని మీద జాలీ, చివర నీళ్లు నిలబెట్టి 72 గంటల పరీక్ష. ఇవి నీకు నాకంటే బాగా తెలుసు.

నీకెవరూ చెప్పనిది ఒకటుంది. ఏ భవనానికి వెళ్లినా ముందు మేడ ఎక్కకు. పై అంతస్తులోకి వెళ్లి తలెత్తి చూడు. స్టూలెక్కి స్లాబుకు అరచెయ్యి ఆనించు. చిన్న సుత్తితో అడుగడుగుకూ కొట్టు. గట్టి కాంక్రీటు కంచులా పలుకుతుంది, పెచ్చు లేచినచోట బోలుగా డబ్‌మంటుంది. ఆ పలుకు విన్నాకే మేడ మెట్లెక్కు. ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. ఇన్నేళ్లలో మీ అమ్మకు కూడా చెప్పలేదు.

1994. అంధేరీ తూర్పున, చిన్న కారఖానాల గదులుండే (గాలాల) నాలుగంతస్తుల భవనం. పై అంతస్తులో నోటు పుస్తకాలు తయారుచేసే కారఖానా. యజమాని జనవరి నుంచీ ఇదిగో అదిగో అని తిప్పి, మే 18న బయానా చేతిలో పెట్టాడు. పాత కోబా, అంటే నీళ్లు దిగకుండా ఇటుక ముక్కలు పరిచి సిమెంటుతో వేసే పొర, పగలగొట్టి, లిఫ్టు లేని మెట్ల మీదుగా బస్తాల్లో దించి, కొత్తది వేయాలంటే ఆరు వారాలు కావాలి. నా దగ్గర మూడే ఉన్నాయి. కారఖానాలో స్టూలెక్కి చెయ్యి పెట్టి చూశాను. రోహిణి రాకముందే రోళ్లు పగిలేలా ఉన్న ఎండ బయట. స్లాబు మాత్రం నీళ్లు పోసిన కొత్త కుండ అడుగులా చల్లగా ఉంది. గోడసున్నం పొడిగా రాలలేదు, ముద్దగా అరచేతికి అంటింది. పోయినేటి వాన ఇంకా పైనున్న ఇటుక ముక్కల్లోనే కూర్చుని ఉందని దాని అర్థం. నాకు తెలుసు. తెలిసే ఆ చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని పైకెళ్లాను.

"పాతదాని మీదే కొత్తది వేసేద్దాం సేఠ్" అన్నాను. ఆయనకు ఖర్చు సగమైంది, నాకు రోజులు సగమయ్యాయి. ఇద్దరం చాయ్ తాగాం. నాలుగంగుళాల కోబా అంటే చదరపు మీటరుకు దాదాపు 200 కిలోలు. మేడ మీద మనుషులు తిరిగే బరువు కింద లెక్కలో వదిలేది 150. అంటే స్లాబు మీద ఒక జాతర జనాన్ని ఎక్కించి, ఇక దిగొద్దని చెప్పినట్టే. అంతకన్నా ఘోరం, ఆ పాత కోబా కింద ఇంకో పాత కోబా ఉంది. నాలాంటి తెలివిగలవాడు నాకంటే ముందే ఒకడు వచ్చి వెళ్లాడన్నమాట. అది మూడేళ్ల తర్వాత తవ్వితేగాని తెలియలేదు.

ఆ జులైలో ఒక్క చుక్క కారలేదు. సేఠ్ పేడాలు పంపాడు. మీ అత్తయ్య అందరికీ పంచింది. దీపావళికి, ఆకాశంలో మబ్బు తునక లేని రోజున, కారడం మొదలైంది. కిందికి ఇంకడానికి నీళ్లకు దారి ఉంది, పైకి ఆవిరయ్యే దారి నేను మూసేశాను. సేఠ్ పిలిస్తే, ట్యాంకు కారుతోందేమో చూడండి అన్నాను. నా నోటితోనే అన్నాను.

1997లో ఒక గురువారం మధ్యాహ్నం సన్నికల్లంత పెచ్చు ఊడి కాగితం కోసే యంత్రం మీద పడింది. ఆ యంత్రం దగ్గర నిలబడే ఆయన అప్పుడే టిఫిను డబ్బా మూత తీసి, చెయ్యి కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లాడు. నేను గంటలో చేరాను. ఆయన డబ్బా చేత్తో పట్టుకుని ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. అన్నం మీదంతా సిమెంటు పొడి. దాన్ని ఎక్కడ పారబొయ్యాలో తోచనివాడిలా ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నేనెవరో ఆయనకు తెలియదు.

ఆ చలికాలం మూడు పొరలూ నా డబ్బుతోనే దించాను. స్లాబు అడుగున తుప్పు గీకితే పది మిల్లీమీటర్ల కడ్డీలు పెన్సిలంత మిగిలాయి. రైల్వేస్టేషను వెనకున్న మన స్థలం పెళ్లిఖర్చులకు అమ్మానని మీ అమ్మ ఈరోజుకూ అనుకుంటోంది. అది పోయింది ఆ మేడ మీదికి. ఈ మాట నీ దగ్గరే ఉంచుకో.

నా మాటేమిటంటే, ఆ తప్పు మేలో చేసింది కాదు. మేలో ఒప్పుకోవడమే తప్పు. ముంబయిలో అక్టోబరు రెండో వారానికి వానలు వెనుదిరుగుతాయి. మనం చిత్త కార్తె అనేది అప్పుడే. కప్పుల పని మొదలుపెట్టాల్సింది ఆ వారంలో. జులైలో కారుతుండగా చూసి సుద్దముక్కతో గీత గీసి తేదీ వేసుకోవాలి, చిత్తలో తవ్వాలి, ఏప్రిల్ కల్లా మూసేయాలి. నువ్వు మాఘంలో మొదలుపెట్టి 19కీ మాట ఇచ్చేశావు. ఎవరిచ్చారమ్మా నీకీ ధైర్యం? ఆ 110 రోజుల్లో హోలీకి ఉత్తరాది కూలీలు వెళ్లిపోతారు. ఉగాదికి మన పాలమూరు వాళ్లు వస్తారు, వచ్చినవాళ్లు పెళ్లిళ్లు చూసుకునిగాని కదలరు. రోహిణి సగంలో విత్తనాలకని మళ్లీ బస్సెక్కుతారు. నీకు మిగిలేవి 80 రోజులు.

కాబట్టి రేపే ఆ కంపెనీకి ఉత్తరం రాయి. ఏప్రిల్ 30 లోపు మూతపడవని తెలిసిన కప్పుల్లో ఒక్క ఇటుక ముక్క కూడా ఈ ఏడు కదపనని చెప్పు. వాటికి బీటలు పూడ్చి, గొట్టాలు శుభ్రం చేసి, ఈ వానాకాలానికి మునిసిపాలిటీ అనుమతితో రేకుల షెడ్డో తార్పాలినో కప్పి గట్టెక్కించు. అసలు పని అక్టోబరులో. ఏవి ముందు తెరవాలో కప్పు వయసును బట్టి తేల్చకు, కిందేముందో చూసి తేల్చు. కాగితం, బట్ట, మందుల పెట్టెలు, కంప్యూటర్ గదులు ఉన్నవి ముందు. ఇనుప సామాను గోదాము ఒక ఏడాది చుక్కలు భరిస్తుంది. ఇక ముంబయిలో 30 ఏళ్లు దాటిన కట్టడాలకు స్ట్రక్చరల్ ఆడిట్, అంటే కట్టడం బలం పరీక్ష, చేయించాలని చట్టమే చెబుతోంది. ఆ కాగితం చూడకుండా ధర చెప్పకు. "పాతదాని మీదే వేసేద్దాం" అని ఎవరైనా అంటే, చాయ్ తాగకుండా లేచి రా.

వానాకాలం చూడలేకపోయావు కాబట్టి వాచ్‌మన్‌లను అడుగు. ఏ మూల బకెట్ పెడతాడో అతనికి తెలుసు. అతను లేకపోతే నేల చూడు. రెండు మూడు వానాకాలాలు బకెట్ ఉన్నచోట గచ్చు మీద గుండ్రటి మరక ఉంటుంది. అయితే చుక్క పడ్డచోటే కన్నం ఉంటుందని భ్రమపడకు. స్లాబులో నీరు కడ్డీల వెంట పది అడుగులైనా నడిచి వస్తుంది. ఏసీ మెకానిక్కులనూ సోలారు వాళ్లనూ ఒక కంట కనిపెట్టు. మనం ఆరు వారాలు కష్టపడి వేసిన, నీళ్లు దిగనివ్వని మెంబ్రేన్ పొరకు వాళ్లు ఒక్క బోల్టుతో కన్నం పెట్టి, సంతకం తీసుకుని వెళ్లిపోతారు.

ఊరంతా ఒకటే వాన అనుకోవడం కూడా కాగితం మీది మాటే. 2005 జులై 26న నేను దక్షిణ ముంబయి ఫోర్టులో ఒక బ్యాంకు మేడ మీద ఉన్నాను. అక్కడ మామూలు వాన. ఆ పక్కనే కొలాబాలో ఆ 24 గంటల్లో కొలిచింది 73 మిల్లీమీటర్లు. అదే రోజు ఊరికి ఉత్తరాన శాంతాక్రూజ్‌లో 944. సాకీనాకాలో నా మనుషులు నడుములోతు నీళ్లలో నిలబడి ఉంటే, నేను ఫోర్టులో వేడి వడాపావ్ తింటున్నాను. లెక్క వేసి చూడు, వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద ఆ వాన తొమ్మిది లక్షల నలభైనాలుగు వేల లీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకర్లు 94 ఒకే రోజు వచ్చి ఆ మేడ మీద గుమ్మరించినట్టు. పావురం ఈకలు గొట్టం నోటికి అడ్డుపడితే చాలు, అదంతా అక్కడే నిలుస్తుంది. అడుగు లోతు నిలిస్తే చదరపు మీటరుకు 300 కిలోలు. అందుకే పిట్టగోడకు, గుమ్మం ఎత్తుకంటే కిందుగా, పొంగిన నీరు పోయే కన్నాలు పెట్టించు. యజమానులు గోడ అందం చెడుతుందంటారు. పెట్టించు.

తార్పాలిన్లు, పంపులు, ఇసుక బస్తాలు ఒకేచోట పెట్టకు. కుర్లా, సయన్ దగ్గర పట్టాలు మునిగితే నీ మనుషులు భివండీ నుంచి పరేల్‌కు ఈదుకుంటూ రావాలి. భివండీ వైపు ఒక జట్టు, అంధేరీ వైపు ఒకటి, నవీ ముంబయిలోని తుర్భేలో ఒకటి, ఎక్కడివాళ్లు అక్కడే పడుకునేలా చూడు. తుర్భేలో రసాయనాల ఫ్యాక్టరీల గాలికి బోల్టులు తొందరగా తినేస్తాయి, రేకు కంటే ముందు బోల్టు చూడాలి. పరేల్‌లో నీకో పాత మిల్లు షెడ్డు ఉందట. ఆ రంపపు పళ్ల కప్పులో పంటికీ పంటికీ మధ్య నీళ్లు పోయే గట్టరే మొత్తం వ్యవహారం. పళ్లకు రంగు వేసి ఫొటో తీసుకోవడానికి అందరూ వస్తారు, గట్టరులోకి మాత్రం ఎవరూ దిగరు. నువ్వు దిగు.

భివండీ రేకుల దగ్గర మాత్రం నువ్వు ఎక్కనని నాకు మాట ఇవ్వాలి. కరీంనగర్, సిరిసిల్ల వైపు పద్మశాలీలు ఎందరో మరమగ్గాలు నడిపిన ఊరది. పాత సిమెంటు రేకులు ఇప్పటికీ చాలా ఉన్నాయి. ముప్పై ఏళ్లు ఎండకూ వానకూ నానిన రేకు అప్పడంతో సమానం. మధ్య మధ్య వెలుతురు కోసం వేసిన ఫైబరు రేకులు దుమ్ము పట్టి మిగతావాటి రంగులోకే వచ్చేస్తాయి. పక్క జట్టు కుర్రాడి కాలు అలా దిగిపోవడం చూశాను. తొడ దగ్గర ఇనుప పట్టీకి తట్టుకుని ఆగాడు. ఆ అరుపు రాయడం చేతకాదు. ఎవరు ఎక్కినా నిచ్చెన పలకలు పరిచి, నడుముకు తాడు కట్టి, కింద వల వేసి ఎక్కాలి. ఫైబరు రేకులు ఎక్కడున్నాయో ముందు లోపలి నుంచి చూసి పటం గీయాలి. ఆ రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, విరగ్గొట్టకుండా, నీళ్లతో తడిపి, మాస్కులతో దించాలి. కొత్త రేకులు నైరుతి గాలి వచ్చే వైపు నుంచి కాదు, అవతలి కొస నుంచి పరుచుకు రావాలి, అప్పుడే అతుకు నోరు గాలికి ఎదురు తెరుచుకోదు. ఇవన్నీ నీ మేస్త్రీకి తెలుసు. అయినా నువ్వు కిందే నిలబడి అతన్ని అడుగుతూ ఉండు. నీకు ఆరేళ్లప్పుడు మా కొట్టం మీదికెక్కి దిగలేక ఏడ్చిన సంగతి నువ్వు మరిచిపోయావు, నేను మరవలేదు.

మధ్యాహ్నం అన్నం మానేస్తున్నావని కూడా మీ అమ్మ చెప్పింది. మేడల మీద ఎండలో తిరిగేవాళ్లు వడాపావ్‌తో సరిపెట్టుకోకూడదు. సజ్జ రొట్టెలు, పల్లీల పొడి పంపిస్తున్నాను.

ఎల్లుండి ముంబయి బస్సు డ్రైవరు చేతికి ఒక మూట ఇస్తున్నాను. పొడి కిందుగా గుడ్డలో చుట్టి నా సుత్తి ఉంది, ఆ అంధేరీ మేడ తర్వాత కొన్నది. పిడి ఈ మధ్య కాస్త వదులైంది. వాడే ముందు రాత్రంతా నీళ్ల బకెట్లో నానబెట్టు, బిగుస్తుంది.

మీ మామయ్య